పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్: రెండేళ్ళు పిండి అమ్మినాక చెబుతున్నా

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లోనే ఇడ్లీ, దోసె పిండి రుబ్బి అమ్ముతాను. మామూలు రోజుల్లో రెండు వాయిలు, అంటే 25 కేజీలు. శుక్రవారం మాత్రం మూడు వాయిలు వేయాల్సిందే. మా ఊళ్ళో శనివారం ఒక్కపొద్దు ఉండే ఇళ్ళు చాలా ఎక్కువ. ఆ రాత్రి అన్నం వండరు, టిఫినే. తమిళుల పెరటాసి నెలలో వచ్చే శనివారాలకైతే నాలుగు రోజుల ముందే చెప్పి పెట్టుకుంటారు.

ఈ పిండంతా రుబ్బేది పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్, అంటే డ్రమ్ము వంచి పిండి దింపుకునే రకం. 2023 ఆగస్టులో కొన్నాను. "నీ మిషను ఎట్లుంది అక్కా, మేమూ ఒకటి పెట్టుకుందామా" అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. అడిగేవాళ్ళంతా నాలాంటి ఆడవాళ్ళే. అప్పు చేసి కొనే వస్తువు కాబట్టి తోచిందల్లా చెప్పకుండా వివరంగా రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయను. కోయంబత్తూరు సరుకు అంటే చాలు. ఆ ఊరి గ్రైండరుకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు కూడా ఉంది. అక్కడ చిన్న చిన్న షెడ్లలో కూడా వీటిని తయారు చేస్తారు. పేర్లు వేరైనా నేను చూసిన వాటిలో లోపలి సామాను ఇంచుమించు ఒకటే. కాబట్టి నేను చెప్పేది ఈ రకం మిషను గురించి అనుకోండి.

ముందు టేబుల్ టాప్ గ్రైండర్, అంటే ఇళ్ళలో వాడే చిన్నదాని సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఇది ఎందుకు కొన్నానో తెలియదు.

2020లో కరోనాకు ముందు నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆయాగా చేసేదాన్ని. నెలకు 6,500. స్కూలు మూసేశాక జీతం ఆగిపోయింది. మా ఆయన ఆటో కూడా ఇంటి ముందే నిలబడిపోయింది. ఆ జూలైలో మా అమ్మ ఇచ్చిన పాత రెండు లీటర్ల గ్రైండర్‌తో నాలుగు ఇళ్ళకు పిండి ఇవ్వడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి రోజుకు ఎనిమిది కేజీలు పోతోంది. ఎనిమిది కేజీలంటే చిన్న గ్రైండర్‌లో ఐదు వాయిలు. ఒక్కో వాయి అరగంట, మధ్యలో మోటారు చల్లారడానికి పావుగంట. మొత్తం మూడున్నర గంటలు దాని పక్కనే కూర్చోవాలి.

పాతది అరిగిపోతే 2022లో 5,500 పెట్టి కొత్తది కొన్నాను. మోటారుకు ఐదేళ్ళ వారంటీ అన్నారు. ఎనిమిదో నెలలో మోటారు కాలిపోయింది. ఫోన్ చేస్తే సర్వీసు అబ్బాయి వచ్చాడు. గ్రైండర్ విప్పక ముందే గది అంతా చూశాడు. గోడ పక్కన పిండి కవర్ల కట్టలు, తక్కెడ, ఇంకు ప్యాడ్, తేదీ ముద్ర. "ఇది కమర్షియల్ వాడకం మేడమ్, వారంటీ రాదు" అన్నాడు. వారంటీ కార్డు వెనక్కి తిప్పి చూపించాడు. నిజమే, సన్న అక్షరాల్లో గృహ వినియోగానికి మాత్రమే అని ఉంది. ఆ అబ్బాయిని ఏమీ అనలేదు, అతనిదీ ఉద్యోగమే కదా. కానీ అమ్మేటప్పుడు నేను ఆ దుకాణంలో "రోజూ ఎనిమిది కేజీలు రుబ్బుతాను, తట్టుకుంటుందా" అని నోరు తెరిచి అడిగాను. "రాయిలా ఉంటుందమ్మా" అన్నారు. కార్డులో ఏముందో అప్పుడు చెప్పి ఉంటే కొనేదాన్ని కాదు. మోటారు వైండింగుకు 1,100 అయింది, వారం పిండి పోయింది. ఆ వారంలో ఇద్దరు ఖాతాదారులు వేరే చోటికి మారిపోయారు.

అప్పుడే పెద్ద మిషను కొనాలని గట్టిగా అనుకున్నాను. పది లీటర్లది, ఒక హార్స్‌పవర్ మోటారు, మూడు రాళ్ళు, స్టీలు డ్రమ్ము, రవాణాతో కలిపి 27,500. పవర్ ప్లగ్గుకూ ఎర్తింగుకూ ఇంకో 1,800.

డబ్బు కోసం ఒక బ్యాంకుకు వెళ్ళాను. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా శిశు రుణం 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారని విని వెళ్ళాను. కొటేషన్ తెమ్మన్నారు, తెచ్చాను. తర్వాత షాపు బోర్డుతో ఫోటో కావాలన్నారు. నాకు బోర్డు లేదు, షాపూ లేదు. ఇంటి గుమ్మమే నా షాపు. బోర్డు పెడితే ఇంటి ఓనరు ఒప్పుకోడు. మూడుసార్లు తిరిగి మానుకున్నాను. గ్రైండర్ కంపెనీ లెక్కలో నాది షాపు, బ్యాంకు లెక్కలో నాది ఇల్లు. ఈ మాట మా ఆయనతో చెప్పుకుని ఆ రోజు ఏడ్చాను.

చివరికి డ్వాక్రా సంఘంలో 20,000 వచ్చింది. తక్కువ పడింది డైలీ ఫైనాన్సులో తీసుకున్నాను. పదివేలకు చేతికి తొమ్మిది వేలే ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా పోయేది అనిపిస్తుంది. నాకూ అట్లే అనిపించింది. తర్వాత మా పాప లెక్క వేసి చూపించింది. మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నాం కాబట్టి సగటున మన దగ్గర నిలిచేది 4,500 మాత్రమే. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి రూపాయలంటే, నూటికి నెలకు ఆరున్నర రూపాయల వడ్డీ దాటుతుంది. గ్రైండర్ కోసం డైలీ ఫైనాన్సు జోలికి పోకండి. తప్పదనుకుంటే ఎంత తక్కువైతే అంతే తీసుకోండి.

ఇక మిషను.

రుబ్బడంలో దీనికి వంక పెట్టేందుకు లేదు. ఒక వాయికి కేజీ ఉద్దిపప్పు (మినప్పప్పు), నాలుగు కేజీల ఇడ్లీ బియ్యం. ఉద్దిపప్పు ముందు వేస్తాను. నీళ్ళు ఒకేసారి పోయకూడదు, చెంబుతో కొద్దికొద్దిగా చిలకరిస్తూ ఉండాలి. మొదటి పది నిమిషాలు పప్పు రాళ్ళ కింద గరగరమంటుంది. పదిహేనో నిమిషం దాటాక ఆ గరగర తగ్గి చప్పుడు మెత్తబడుతుంది. పిండి రాళ్ళ అంచులు పట్టుకుని పైకి పాకి, మళ్ళీ మడతలు పడుతూ కిందికి జారుతుంది. అరగంటకు తీస్తాను. గ్లాసు నీళ్ళలో గోరంత పిండి వేస్తే మునగకుండా తేలాలి. తేలిందంటే ఇడ్లీ దూదిలా వస్తుంది. చిన్న గ్రైండర్‌లో కూడా తేలేది, కానీ మూడో వాయికల్లా మోటారు వేడి పిండికి తగిలి, అదే పిండి సాయంత్రానికే పులిసిపోయేది. ఇందులో ఆ ఇబ్బంది చాలా తగ్గింది. మే నెలలో మా ఊళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మాత్రం ఐసు నీళ్ళు పోయాల్సిందే, రుబ్బడం కూడా తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెట్టాలి.

వాయి మొత్తం, పప్పు, బియ్యం కలిపి గంటా ఐదు నిమిషాలు. పన్నెండున్నర కేజీల పిండి వస్తుంది. చిన్న గ్రైండర్‌తో మూడున్నర గంటలు కూర్చుంటే ఎనిమిది కేజీలు వచ్చేది. ఆ తేడా నా నడుముకు తెలుసు.

డ్రమ్ము వంచే పిడి గురించి కూడా చెప్పాలి. పిన్ను లాగి పిడి పట్టుకుని కిందికి వంచితే పిండి నేరుగా గిన్నెలోకి దిగుతుంది. రాళ్ళు ఎత్తే పని లేదు. కానీ మొదట్లో ఒకసారి పిన్ను సరిగ్గా పడకుండానే స్విచ్చు వేశాను. డ్రమ్ము ముందుకు ఒరిగి నాలుగు కేజీల బియ్యం పిండి నేల పాలైంది. పిన్ను పడినప్పుడు 'టక్' మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినకుండా స్విచ్చు మీద చెయ్యి వేయొద్దు.

ఇంకోటి, బెల్టుకు మూత. నాకు వచ్చిన మిషనుకు వెనకవైపు మూత సగమే ఉంది. ఒక రోజు మా పాప చున్నీ కొస బెల్టు దాకా వెళ్ళింది. పక్కనే ఉన్నాను కాబట్టి చూసి లాగేశాను. ఆ రోజే గాంధీ రోడ్డులో రేకు కోయించి మూత పూర్తిగా బిగించాము. ఇది తయారుచేసేవాళ్ళే ఇవ్వాల్సింది. ఇళ్ళలో వాడే మిషను, చీరలూ చున్నీలూ పిల్లల జడలూ ఉండే చోటు. కొనేటప్పుడు వెనకకు వెళ్ళి చూడండి, మూత పూర్తిగా లేకపోతే వేయించి ఇవ్వమనండి. అట్లే ఎర్తింగు. కింద ఎప్పుడూ తడి నేలే. ఎర్తింగు లేకుండా ఒక్క రోజు కూడా నడపొద్దు, ఎంత తొందర ఉన్నా సరే.

మొన్న మేలో నాకు పెద్ద టెన్షన్ పెట్టిన సంగతి ఇది. ఉద్దిపప్పు రుబ్బుతున్నాను. తెల్లటి పిండిలో వెంట్రుకంత సన్నంగా నల్లటి గీత కనిపించింది. వెంట్రుకే అనుకుని తీయబోతే వేలికి జిడ్డుగా అంటుకుంది. వాసన చూస్తే గ్రీజు. డ్రమ్ము మధ్యలో నిలువు గొట్టం మొదట్లో చూస్తే నల్లగా చెమ్మ ఉంది. పిండి మొత్తం పారబోశాను. ఎవరికీ తెలియదు కదా అని గీత వరకూ తీసేసి మిగతాది అమ్మే బుద్ధి నాకు లేదు. ఆ పిండి తినేవాళ్ళలో బాలింతలున్నారు, రుయా ఆస్పత్రిలో రోగికి ఇడ్లీ చేసి తీసుకుపోయే ఆమె ఉంది.

కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఏడాది వారంటీ అయిపోయింది, సామాను రావడానికి పది రోజులు పడుతుంది అన్నారు. పది రోజులంటే నాకు 4,700 పోయినట్టు, ఖాతాదారులు పోయేది వేరే.

తిలక్ రోడ్డు వెనక సందులో మోటార్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. ఆయన షాపుకు పేరు లేదు, షట్టరు మీద సున్నంతో రాసిన ఫోన్ నంబరే. ఆయన రాత్రి ఎనిమిదిన్నరకు సంచితో వచ్చాడు. డ్రమ్ము ఎత్తి చూసి, "రాళ్ళు బాగుండాయి అక్కా, బేరింగూ బాగుంది. ఆయిల్ సీలు పోయింది, అంతే" అన్నాడు. వేలికి ఉంగరంలా పట్టే నల్లటి రబ్బరు రింగు అది, లోపలి అంచు ఒకచోట చిరిగి ఉంది. దాన్నే జేబులో వేసుకుని వెళ్ళి పొద్దున్నే అదే సైజుది తెచ్చి బిగించాడు. సీలు 180, కూలి 250. బిల్లు ఇవ్వలేదు. "నెలలోపు మళ్ళా కారితే డబ్బు వద్దు" అన్నాడు. ఇంతవరకూ కారలేదు. నాకు దొరికిన వారంటీ అదొక్కటే.

రాళ్ళు నున్నబడితే కక్కు కొట్టించే మనిషిని కూడా ఆయనే పంపాడు. ఏడాదిన్నరకు నా రాళ్ళు నున్నబడి, అరగంటలో నలగాల్సిన పప్పు నలభై నిమిషాలు పట్టేది. వచ్చిన పెద్దాయన గోనె పట్టా పరుచుకుని కూర్చుని, ఉలీ సుత్తీ తీసి ఒక్కో రాయినీ ఒళ్ళో పెట్టుకుని గంట్లు కొట్టాడు. ఒకప్పుడు పల్లెల్లో రోళ్ళకు కక్కు కొట్టేవాడట. మా అమ్మ వాళ్ళది పాకాల దగ్గర పల్లె. చిన్నప్పుడు వీధిలో ఆ కేక వినబడితే మా అమ్మ నన్ను పరుగెత్తించి పిలుచుకురమ్మనేది. రోళ్ళు పోయాయి, ఆయన పని పోలేదు. 400 తీసుకున్నాడు. కొట్టించాక రెండు సార్లు పిడికెడు బియ్యం వేసి రుబ్బి పారబోయాలి, రాతిపొడి పోతుంది. కొత్త మిషనుకైనా ఇదే పద్ధతి.

డబ్బు లెక్క కూడా చెబుతాను, దాచుకోవడానికి ఏముంది. రోజుకు ఇడ్లీ బియ్యం ఎనిమిది కేజీలు 352, ఉద్దిపప్పు రెండు కేజీలు 260, మెంతులు, ఉప్పు 15, కవర్లు 40, కరెంటు 10. మొత్తం 677. పదమూడు కేజీలు ఇళ్ళకు 50 చొప్పున పోతుంది. పన్నెండు కేజీలు టిఫిన్ బండ్లకు 42 చొప్పున. వచ్చేది 1,154. మిగిలేది 477. బియ్యం కడిగిన దగ్గర నుంచి చివరి కవరు ఇచ్చేదాకా ఐదు గంటల పని. నెలకు 26 రోజులు చేస్తే పన్నెండు వేల పైచిలుకు. స్కూల్లో వచ్చినదానికి దాదాపు రెట్టింపు. అయితే జ్వరం వచ్చిన రోజు సున్నా. గ్రైండర్ కొన్నంత మాత్రాన ఈ డబ్బు రాదు. నాకు మిషను కంటే ముందు మూడేళ్ళ ఖాతాదారులున్నారు. రోజుకు పది కేజీలు అమ్ముడుపోవడం ఖాయమైతేనే ఈ మిషను కొనండి. అంతవరకూ చిన్నదే చాలు.

నేను పిండి ఇచ్చే కొర్లగుంట బండి అక్కకు కార్పొరేషన్ వాళ్ళ గుర్తింపు కార్డు ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఇచ్చేది. దాని మీద ఆమె స్వనిధి రుణం మొదట పదివేలు తీసుకుని కట్టేసింది, తర్వాత 20,000 ఇచ్చారు. మంచి పథకం. కానీ అది వీధిలో అమ్మేవాళ్ళకు. నేను వీధిలోకి రాను, గుమ్మం లోపలే ఉంటాను. ఆమె ఇడ్లీలో ఉన్నది నా పిండే అయినా, నాకు ఆ కార్డు రాదు.

మా పాప పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదువుతోంది. ప్రపంచంలో పనిచేసేవాళ్ళలో పదికి ఆరుగురు ఇట్లా జీతం చీటీ, పీఎఫ్ లేని పనుల్లోనే ఉన్నారని, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో 200 కోట్ల మంది అని లెక్క చెప్పిందని చదివి వినిపించింది. ఇంట్లో కూర్చుని కంపెనీలకు పనిచేసేవాళ్ళ కోసం 1996లోనే ఆ సంస్థ ఒప్పందం ఒకటి ఉందట, మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదట. నేను ఎవరికీ కూలికి చేయను కాబట్టి ఆ ఒప్పందం కూడా నన్ను తాకదు అని తనే చెప్పింది. ఇంతమందిమి ఉన్నప్పుడు మా వాడకానికి సరిపోయే వారంటీ ఒకటి రాయడం కంపెనీలకు కష్టమా? ఇంటి గ్రైండర్ ఒకటి, హోటల్ గ్రైండర్ ఒకటి చేస్తున్నారు. మధ్యలో రోజుకు ఎనిమిది, పది కేజీలు రుబ్బే ఆడవాళ్ళు బైరాగిపట్టెడలోనే నాకు తెలిసి ఆరుగురు ఉన్నారు. ఐదేళ్ళు అక్కర్లేదు, రోజుకు ఇన్ని గంటలు నడపవచ్చు అని రాసి రెండేళ్ళు ఇచ్చినా కళ్ళకు అద్దుకుని కొంటాం.

కాగితాల విషయంలో నాకు సులభంగా అయినవి రెండే. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. నేను తీసుకున్నప్పుడు ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉంటే ఏడాదికి 100 రూపాయలు ఫీజు. ఆ 14 అంకెల నంబరు కవరు మీద ముద్ర వేస్తున్నాను, దాన్ని చూసి ఒక లేడీస్ హాస్టల్ వాళ్ళు నా దగ్గర పిండి తీసుకోవడం మొదలుపెట్టారు. రెండోది ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే నమోదు, అది పూర్తిగా ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. కరెంటు మీటరు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఇంటి కేటగిరీలోనే ఉంది, బిల్లు నెలకు 300 దాకా పెరిగింది. మార్చాలా వద్దా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

చప్పుడు గురించి అడుగుతారు. మిక్సీ అంత గోల లేదు, కానీ తెల్లవారుజామున కింది ఇంటికి తెలుస్తుంది. కాళ్ళ కింద పాత టైరు ముక్కలు వేశాక చాలావరకు తగ్గింది. బరువు ఇద్దరు మగవాళ్ళు ఎత్తేంత, మేడ మీద ఉండేవాళ్ళు ముందే ఆలోచించుకోండి.

మొత్తంగా ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ సగం మూతకూ సర్వీసుకూ తగ్గించాను. రుబ్బడానికైతే ఐదుకు ఐదు. మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను, కానీ బిల్లు కట్టే ముందే "ఇంట్లో పిండి అమ్మకానికి" అని వారంటీ కార్డు మీద రాయించి ముద్ర వేయించుకుంటాను. రాయమంటే రాయని దుకాణంలో కొనను. ఇంకో బెల్టు, ఇంకో ఆయిల్ సీలు అదే రోజు కొని పెట్టుకోండి, రెండూ కలిపి 500 దాటవు. బెల్టు మీద సైజు నంబరు అచ్చు వేసి ఉంటుంది, అది అరిగిపోక ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నావి రెండూ తలుపు వెనక మేకుకు వేలాడుతున్నాయి, శుక్రవారం రాత్రి మూడో వాయికి బెల్టు తెగినా పొద్దున శనివారం పిండి ఆగదు.